తీసేయడం తెలిసిన మనిషి

ఆళ్లగడ్డలో మా లైబ్రేరియన్ మేడంను మట్టి చేసిన రోజు పాస్టరు గారు సమాధి దగ్గర నిలబడి నాలుగు మంచి మాటలు చెప్పారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పుస్తకాలను కన్నబిడ్డల్లా కాపాడిందని, ఒక్క పుస్తకాన్ని కూడా పోనివ్వలేదని అన్నారు. వచ్చినవాళ్లంతా తలలూపారు. ఆమె తండ్రి సమాధి పక్కనే తవ్విన ఆ గుంత ముందు నిలబడి నేనూ తలూపాను. కానీ మేడం బతికుండి ఈ మాట వింటే కొంగు అడ్డం పెట్టుకుని ఎంతగా నవ్వేదో నాకు తెలుసు.

ఆమెతో కలిసి గ్రంథాలయంలో ఏళ్ల తరబడి పనిచేశాను. ఆమె దగ్గర నేను నేర్చుకున్నది పుస్తకాలను తీసేయడం. అది ఎంత కష్టమైన పనో, ఎంత ధైర్యం కావాలో, ఆమెను చూశాకే తెలిసింది.

నేను నంద్యాల నుంచి బదిలీ మీద ఆళ్లగడ్డ శాఖకు వెళ్లేసరికి ఆమె అక్కడ లైబ్రేరియన్. లోపల అడుగు పెట్టడానికి చోటు లేదు. బీరువాలు నిండిపోయి వాటి నెత్తిన కట్టలు, కిటికీ గట్ల మీద కట్టలు, ఆఖరికి నీళ్ల బాన పెట్టే అరుగు మీద కూడా కట్టలు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు లోపల చోటు లేక మెట్ల మీద కూర్చుని చదివేవాళ్లు. పనికిరానివి తీసేసి చోటు చేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇలాంటి ఉత్తర్వులు వచ్చినప్పుడు మామూలుగా జరిగేది ఒకటే. చెదలు పట్టినవి నాలుగు కట్టలు కట్టి పాత పేపర్లవాడికి వేస్తారు, పని పూర్తయిందని రాసేస్తారు. నేనూ అదే అనుకుని తాళ్లు తెచ్చాను.

"తాళ్లు ఆడ పెట్టప్పా," అంది. "ముందు చదవల్ల గదా."

"ఇవన్నీనా మేడం?"

"మరి? చదవకుండా తీసేదానికి మనమెందుకు, చెదలు చాలు."

బక్క మనిషి. దుమ్ము పడదు. ముక్కుకు తెల్లటి చేతిరుమాలు కట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని, పొద్దున్నే బీరువా ముందు నిలబడేది. పుస్తకం తీసి, తెరవకముందే పక్కకు తిప్పి కాగితాల అంచు చూసేది. చేతులు పడిన పేజీల అంచు నల్లబడుతుంది, పడనివి తెల్లగా ఉండిపోతాయి. కొన్ని పుస్తకాలు మూడో వంతు దాకా నల్లగా ఉండి, అక్కడి నుంచి తెల్లగా ఉండేవి.

"ఈడిదాకా వచ్చి అందరూ ఇడిసిపెట్టినారు చూడు," అనేది. "పుస్తకానిదా తప్పు, మనుషులదా?" ఆ మాట అంటూనే సరిగ్గా అక్కడ తెరిచి, నిలబడే చదవడం మొదలుపెట్టేది. ఒక్కోసారి కుర్చీ జరిపినా వినపడేది కాదు.

నా లెక్క సులభంగా ఉండేది. ఎవరూ ముట్టనివి తీసేయాలి, బాగా నలిగినవి ఉంచాలి. ఆమె చాలాసార్లు దానికి అడ్డంగా పోయేది. పూర్తిగా తెల్లగా ఉన్న పుస్తకాన్ని తుడిచి మళ్లీ పెట్టేది. మా ప్రాంతపు చెరువుల మీద, పాత కాలువల మీద ఎవరో రాసిన పుస్తకం ఒకటి అట్లాగే బతికిపోయింది. బాగా నలిగిన వాటిని మాత్రం పట్టుకుని కూర్చునేది. "ఇది పాతదా, తప్పా?" అని నన్ను అడిగేది. ఆ రెండూ ఒకటే అనుకునేవాణ్ని నేను. పాతదాంట్లో దోషం లేదు, దాన్ని ఉంచొచ్చు. తప్పుది మాత్రం ఎంతమంది చదివితే అంతమందికి తప్పు చెబుతుంది. ఆమె భయం అది.

తీసేయాలనుకున్నవి వెంటనే తీసేది కాదు. వాకిలి పక్క బెంచీ మీద పరిచి, "ఇవి తీసేస్తున్నాం, అభ్యంతరముంటే చెప్పండి" అని అట్టముక్క మీద రాసి పెట్టేది. ఆ బెంచీ దగ్గర జరిగిన పంచాయితీలు అన్నీ ఇన్నీ కావు. బజారులో కిరాణా అంగడి ఉన్న శెట్టిగారు రోజూ పేపరు చదవడానికి వచ్చేవారు. ఒక రోజు బెంచీ మీద లావుపాటి పాత రైల్వే టైంటేబుల్ చూసి గొడవకు దిగారు.

"దీన్ని ఎందుకు తీస్తాండావ్ మ్మా?"

"అందులో ఉండే రైళ్లు ఇప్పుడు తిరగవు శెట్టీ."

"తిరక్కపోతే ఏమాయ? ఊర్ల పేర్లుండాయి గదా. కూచోని సదువుకుంటే తిరిగొచ్చినట్లుంటాది."

ఆమె గట్టిగా నవ్వింది. అయినా తీసేసింది. ఆయన అలిగి కొన్నాళ్లు రాలేదు. ఆమె అంగడికి పోయి, ఉప్పు ప్యాకెట్టు కొని, దేశపటాల పుస్తకం కొత్తది వచ్చిందని చెప్పి వచ్చింది. మరుసటి రోజు శెట్టిగారు కుర్చీలో ఉన్నారు.

ఆమెది చర్చికి పోకుండా ఆదివారం గడవని ఇల్లు. దేవుణ్ని, అందులో ఆమె దేవుణ్నే, ఎగతాళి చేస్తూ రాసిన పుస్తకం ఒకటి బయటపడింది. అట్ట ఊడిపోయింది. ఇది తప్పకుండా బెంచీ మీదికి పోతుందనుకున్నాను. ఆమె అది మొత్తం చదివి, మధ్యలో ఒకచోట "అబ్బా" అని కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి చదివి, మైదా ఉడికించి తెచ్చి తన చేతులతో అట్ట అతికించి పైన బరువు పెట్టింది.

అప్పుడే ఒక పెద్దమనిషి వచ్చాడు. పేరు చెప్పను. ఊళ్లో ఆయన మాటకు బరువుంది, వెనక నలుగురు మనుషులున్నారు. ఎప్పుడో చనిపోయిన బడిపంతులు ఒకాయన తన జ్ఞాపకాలు రాసుకున్నాడు. అందులో ఊరి కక్షల గురించి ఒక అధ్యాయం ఉంది. ఈ పెద్దమనిషి తండ్రి పేరు అందులో ఉంది.

"పాత పుస్తకాలు తీస్తాండారంట గదా. దీన్ని గూడా తీసెయ్," అన్నాడు, నిలబడే.

"కూచోండన్నా. అందులో తప్పేముందో చూపిస్తే తీస్తా."

"మా నాయన పేరుండాది."

"పేరుండడం తప్పు కాదన్నా. రాసింది అబద్ధమా?"

వెనక ఉన్నవాళ్లలో ఒకడు ముందుకు వచ్చాడు. ఆమె వాడి వైపు చూడకుండా ఆయనతోనే అంది: "అబద్ధమయితే, ఇది అబద్ధమని మీరు రాసియ్యండి. ఆ కాగితం ఆ పేజీకే అంటిస్తా. చదివేవాళ్లు రెండూ చదువుకుంటారు."

"మీ నాయన మీద ఎవురన్నా ఇట్ల రాసింటే, ఈడ పెట్టుకుంటావా నువ్వు?"

ఆమె లేచి ఆ పుస్తకాన్ని బీరువాలో దాని చోటే పెట్టింది. వాళ్లు వెళ్లిపోయాక గ్లాసుడు నీళ్లు తాగింది. "రేపట్నుంచి వాకిలి కాడ కూచోవద్దప్పా, లోపలికి జరుగు," అని నాతో అంది. కొన్నాళ్లకు ఎవరో ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోయి మళ్లీ తేలేదు. ఆమె నంద్యాల పోయి ఇంకో ప్రతి తెచ్చి, ముద్ర కొట్టి, అదే చోట పెట్టింది. ఇంతకంటే ధైర్యం ఉండదని ఆ రోజు అనుకున్నాను. నేను ఇంకా ఏమీ చూడలేదని తర్వాత తెలిసింది.

ఆమె తండ్రి మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు పల్లెల్లో వైద్యం గురించి ఒక చిన్న పుస్తకం రాసి నంద్యాలలో అచ్చు వేయించాడు. దెబ్బలు, కాలిన గాయాలు, కాన్పులు, పసిబిడ్డల జబ్బులు, పాముకాటు, అన్నీ సులభమైన తెలుగులో. చుట్టుపక్కల శాఖలన్నిటిలో ఆ పుస్తకం ఉండేది. మా దగ్గర అంచు మొదటినుంచి చివరిదాకా నల్లగా ఉన్న పుస్తకం ఏదంటే అదే.

ఒక మధ్యాహ్నం దగ్గరి పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. ఇంటికి తీసుకుపోయిన ఆ పుస్తకాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి, రెండు చేతులతో ఆమెకు ఇచ్చాడు.

"మీ పుస్తకం పున్నెమా అని నా పెండ్లాం బతికింది మేడం. పశువులకు గడ్డి కోస్తాంటే రక్తపింజరి కరిసె. దీంట్లో ఉన్నట్లే గట్టిగా కట్టి, కోసి, రగతం పిండినా. కాలు పోయింది గానీ, మనిషి దక్కింది."

"కాలు పోయిందా?"

"మోకాలి కింద తీసేసినారు. ఇంకా నంద్యాల ఆసుపత్రిలోనే ఉండాది. మా ఊర్లో అందరికీ చెప్తాండా మేడం, పాము కరిస్తే ఇట్ల చేయాలని."

ఆ చివరి మాటకు ఆమె ముఖం మారిపోయింది. మర్నాడు సెలవు పెట్టి నంద్యాల పోయింది. తిరిగి వచ్చాక డాక్టరు చెప్పిన మాట నాకు చెప్పింది. విషం చేసింది కొంత, కట్టు చేసింది కొంత. కట్టకుండా, కోయకుండా, కాలు కదలనీయకుండా తొందరగా తెచ్చివుంటే కాలు దక్కేదేమో అన్నాడట.

తండ్రి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టుకుంది. ఆ రోజంతా చదివింది. సాయంత్రం తాళం వేస్తూ, "నువ్వూ మా ఇంటికి రాప్పా. ఒక్కదాన్నే చెప్పలేను," అంది.

పెద్దాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన ఎదురుగా కింద కూర్చుంది.

"నాయనా, నీ పుస్తకం తీసేస్తాండా."

"ఎందుకు?" అన్నాడు. ఆమె జరిగింది చెప్పింది.

"కట్టమని నాకు నేర్పించింది డాక్టర్లే గదా మ్మా. కోసి పిండమనిందీ వాళ్లే."

"తెలుసు నాయనా. నీ తప్పని అంటాండానా?"

"అయితే ఆ పేజీ ఒక్కటి చించెయ్. పుస్తకం ఏం చేసె?"

"విరేచనాలయ్యే బిడ్డకు నీళ్లియ్యొద్దని ఉండాది నాయనా. కాన్పుల కాడ గూడా తప్పులుండాయి, చూసినా."

పెద్దాయన కళ్లజోడు తీసి, పెట్టెలో పెట్టి, మూత వేశాడు. లేచి గోడ పట్టుకుంటూ లోపలికి పోయాడు. తర్వాత చాలా రోజులు ఆయన ఆమెతో మాట్లాడలేదని ఆమె నాకు చెప్పలేదు. క్యారియర్‌లో అన్నం సగం అట్లాగే ఇంటికి తిరిగి పోవడం చూసి నేనే తెలుసుకున్నాను.

పైవాళ్ల అనుమతి తెచ్చుకుని, మిగతా శాఖల్లో ఉన్న ప్రతుల కోసం బయల్దేరింది. ఉత్తరం రాస్తే సరిపోతుంది గదా అన్నాను. "బీరువా తెరవకుండానే ల్యాదని రాస్తారప్పా," అంది. సెలవు రోజుల్లో ఇద్దరం బస్సుల మీద తిరిగాం. కోయిలకుంట్లలో పుస్తకం అడుగు వరసలో దొరికింది. అవుకులో అక్కడి లైబ్రేరియన్ ఇవ్వనన్నాడు.

"ఇది మా దగ్గర బాగా పోతాది మేడం. పల్లెటోళ్లకు అర్థమయ్యేది ఇదొక్కటే. తీస్తే ఆ జాగాలో ఏం పెట్టల్ల?"

ఆమె సంచిలోంచి ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కొత్త చిన్న పుస్తకాలు తీసి ఇచ్చింది. ఆయన తిప్పి చూసి, "ఇంత బాగా రాయలేదు," అన్నాడు. "అవును, రాయలేదు," అని ఒప్పుకుంది. "అయినా నిజం రాసినారు."

వెలుగోడులో ఉన్న ప్రతి అన్నిటికంటే ఎక్కువ నలిగింది. పాముకాటు పేజీలో ఎవరో పెన్సిలుతో గీతలు గీసి, పక్కన "మంచి మాట" అని రాశారు. నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. తీసేయడానికి చదవడం కాదది. పెదవులు కదులుతూ, నెమ్మదిగా, ఒక కూతురు చదివినట్లు చదివింది. బస్టాండు వచ్చేసరికి పూర్తయింది.

"మా నాయన తెలుగు బాగుండాది గదప్పా," అంది. నేను అవునన్నాను.

తెచ్చిన ప్రతులన్నిటి అట్టల మీద "ఇందులోని వైద్యం తప్పు, చేయవద్దు" అని కాగితాలు అంటించి, మిగతా అన్ని పుస్తకాల మాదిరే బెంచీ మీద పెట్టింది. తండ్రి పుస్తకమని వెనక గదిలోకి పంపలేదు. ఊరంతా వచ్చి చూసింది. శెట్టిగారు చాలాసేపు ఆ కాగితాలు చదివి, ఎప్పటిలా గొడవ పడకుండా, పేపరు కూడా చదవకుండా వెళ్లిపోయారు.

అభ్యంతరాలు చెప్పే గడువు తీరకముందు ఒక పొద్దున పెద్దాయన ఆటో దిగాడు. నేను ఎదురుపోయి చేయి పట్టుకోబోతే వద్దన్నాడు. సంచిలోంచి ఒక పుస్తకం తీశాడు. అంచు తెల్లగా, కొత్తగా ఉంది. అచ్చయిన రోజు ఇంట్లో దాచుకున్న ప్రతి. దాన్ని బెంచీ మీద, మిగతా వాటి పక్కన పెట్టాడు.

ఆమె లోపలి నుంచి వచ్చి చూసింది. "ఇది లైబ్రరీది కాదు నాయనా. నీది."

"నాదే. అందుకే తెచ్చినా."

ఆమె కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చున్నాడు. "ఆ రైతు పిల్లోని పెండ్లాం ఇంటికొచ్చిందా?" అని అడిగాడు. వచ్చిందని చెప్పింది. "పోయి చెప్పు మ్మా. ఊరంతా చెప్తాండాడంట గదా," అన్నాడు.

నేను కూడా వెళ్లాను. రైతు ఇంటి ముందర నులకమంచం మీద అతని భార్య, కాలి మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. మేడం వచ్చిందని తెలిసి వీధిలోవాళ్లు పోగయ్యారు. పుస్తకం వల్ల మనిషి బతికిందని పొగడటానికి వచ్చినవాళ్లు వాళ్లంతా. ఆమె నిలబడే చెప్పింది. ఆ పుస్తకం రాసింది మా నాయన, అందులో రాసింది తప్పు, కట్టొద్దు, కొయ్యొద్దు, కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. కట్టకుంటే ఈమె కాలు దక్కేదేమో అని కూడా చెప్పింది. ఆ మాట దాచిపెట్టి మిగతావి చెప్పివుండొచ్చు. చెబితేనే నమ్ముతారని ఆమెకు తెలుసు.

రైతు తన చేతులు చూసుకున్నాడు. "అంటే, నేనేనా మేడం? నా చేతులతోనే?"

"మా నాయన చెప్పినట్లు చేసినావు. నీది కాదు తప్పు," అంది.

"ఇన్ని దినాలు చెప్పకపోతిరే!" అని ఒక్క అరుపు అరిచి గోడకు తల ఆనించాడు. జనంలో ఎవరో ఆమె మీదికి గొంతు లేపారు. ఆమె తల వంచుకుని నిలబడింది, ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు.

అప్పుడు మంచం మీద ఉన్న మనిషి మాట్లాడింది. "ఆయప్ప నన్ను భుజానేసుకోని రోడ్డు దాకా ఉరికినాడు మేడం. అది ఏ పుస్తకంలో ఉండె?" తర్వాత మొగుణ్ని పిలిచింది. "ఈడికి రా. వచ్చి ఈడ కూచో."

అతను వచ్చి మంచం కోడు పక్కన కూర్చున్నాడు. మేము తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ మా వెంట రాలేదు. బస్సు కోసం నిలబడిన చోట ఆమె దగ్గు ఆగలేదు.

మళ్లీ వానలు పడి, పొలాల్లో పని మొదలైనప్పుడు గ్రంథాలయానికి ఫోను వచ్చింది. నేనే ఎత్తాను. ఆ రైతే. మేడంకు ఇమ్మన్నాడు. ఆమె రుమాలు కిందికి దించి ఫోను చెవికి పెట్టుకుంది. వాళ్ల ఊళ్లో కలుపు తీస్తున్న మనిషికి పాము కరిచిందట. జనం తాడు తెచ్చారట. ఇతను అడ్డం పడి, తాడు లాగి పారేసి, అంబులెన్సు వచ్చేదాకా ఆ కాలిని కదలనీయకుండా పట్టుకుని కూర్చున్నాడట. ఆసుపత్రిలో మందు పడింది, మనిషీ కాలూ రెండూ దక్కాయని చెప్పాడు.

ఆమె ఫోను పెట్టి, వెంటనే ఇంటికి చేసింది.

"నాయనా," అంది. "ఆ ఊర్లోనే ఇంగొకాయనకు కరిసిందంట. కట్టలేదంట నాయనా. కాలుండాదంట."

అవతల పెద్దాయన ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆమె బీరువాకు ఆనుకుని, కళ్లు తుడుచుకోకుండా, చాలాసేపు వింటూనే ఉండిపోయింది.